కచ్చా రంగు

పగలు నేను వీధి దీపాల మనిషిని.
నిచ్చెన బండి ఎక్కి
గౌలిపురా నుంచి శాలిబండ దాకా
పసుపు సోడియం బుడ్లు విప్పి
తెల్ల ఎల్‌ఈడీలు బిగించిన చేతులివే.
రాత్రి డాబా మీద
ఆ తెలుపునే తిట్టుకుంటాను.
పసుపునైతే ఒక్క గాజుబిళ్ల ఆపేది.
ఇది అన్ని రంగుల్నీ వెంటేసుకుని వస్తుంది,
దేన్నని ఆపను?

ధ్రువనక్షత్రం మా ఊళ్లో మరీ కిందికుంటుంది,
పదిహేడు డిగ్రీలు, అంతే.
సరిగ్గా అక్కడే జమీలున్నీసా వాళ్ల నీళ్ల ట్యాంకు.
అందుకే మెట్ల గది కప్పు మీదికి ఎక్కి
ట్రైపాడ్ కాళ్ల కింద షాబాదు బండ ముక్కలు పెట్టి
మోకాళ్ల మీద కూలబడి
ట్యాంకు మూతకు జానెడు పైన దాన్ని పట్టుకుంటాను.

డిసెంబరు.
తూర్పున గొల్లకావడి నిటారుగా లేచింది.
దాని కింద వేలాడే మూడు చుక్కల్లో
నడిమిది చుక్క కాదు.

కెమెరా కోఠీలో కొన్న సెకండ్ హ్యాండుది.
పెళ్లిళ్లు తీసీ తీసీ అలిసిపోయింది,
దాని షట్టరు లెక్కలో లక్షా పదివేల నవ్వులున్నాయి.
ఇప్పుడు దానికి
రెండేసి నిమిషాలు రెప్ప వేయకుండా చూడ్డం నేర్పుతున్నా.

ఒక ఫోటోలో ఫంక్షన్ హాలు లేజరు.
ఒకదాంట్లో శంషాబాదుకు దిగే విమానం.
కింద ఎవరో తలుపు ధడాలున వేస్తే
చుక్కలన్నీ వానపాములయ్యాయి.
పోగా మిగిలినవి నలభై ఒకటి.

తర్వాత మూత పెట్టి ఇరవై తీశాను.
"ఏమీ లేనిదాన్ని ఫోటో తీసుడేంది?" అని
మా బావమరిది గట్టయ్య నవ్విండు.
ఏమీ లేనప్పుడూ కెమెరా ఏదో చూస్తుంది గట్టయ్యా,
తన ఒంటి వేడినే చుక్కలనుకుంటుంది.
ఆ భ్రమను ముందే పట్టి పెట్టుకుంటే
లెక్కలోంచి తీసెయ్యొచ్చు.
మా ఆఫీసులో ఒకరిద్దరికి కావాలి ఈ మూత.

తెల్లారగట్ల గొట్టం మూతికి కట్టడానికి
జమీలున్నీసానడిగి
ఇంకా రంగు పడని దుపట్టా ఒకటి తెచ్చాను.
లెన్సు మీది దుమ్ము ఎక్కడుందో
ఆ తెలుపే చెప్పాలి.

ఆదివారం
నలభై ఒకటినీ ఒకదాని మీద ఒకటి పేర్చాను.
ఊరికే మెరిసిందల్లా కొట్టుకుపోయింది.
ప్రతిసారీ అక్కడే ఉన్నది ఆగింది.
తెర మీద ముందు ఏమీ లేదు, బొగ్గు.
గీతను కొంచెం పైకి లాగాను,
ఎర్రటి ఆవిరి.
ఇంకొంచెం లాగాను.
ఆశ ఆగుతుందా, ఇంకా లాగాను.
లాడ్‌బజారు గాజుల దుకాణమైంది ఆకాశం.

దుపట్టా కోసం వచ్చింది జమీలున్నీసా,
మోచేతుల దాకా నీలిమందు.
"ఎవరేశారీ రంగు?"
"అల్లా" అన్నాను, నవ్వుతూ.
"అల్లా ఇంత కచ్చా రంగు వేయడు లింబాద్రీ.
ఒక్క ఉతుక్కే దిగిపోతుంది.
నడుమ కాదు, అంచు చూడు.
పక్కా రంగు అంచులో తెలుస్తుంది."

తగ్గించాను. "ఇంకా."
తగ్గించాను. "నక్కో, అంత వద్దు, వెనక్కి. బస్."

అప్పుడు కనబడింది
ఎరుపు పక్కన ఒక బూడిదరంగు రెక్క,
కడిగిన గిన్నె మీద మిగిలిన పాలంత పలుచన.
ఇంతసేపూ దాన్ని నేనే మింగేశాను.

"ఎప్పటిదిది?"
"చార్మినార్ లేనప్పటిది.
ఈ వెలుతురు బయల్దేరినప్పుడు
మూసీ ఒడ్డున ఎవరున్నారో నాకు తెలీదు."
ఆమె మాట్లాడలేదు.
చెయ్యి కుర్తాకు తుడుచుకుని
ఒక్క వేలితో ఆ రెక్కను తాకి,
దుపట్టా మడిచి పట్టుకుపోయింది.

మర్నాడు
నీహారిక చివర నీలం మచ్చ కనిపిస్తే
ఇంకో నెబ్యులా దొరికిందని
పావుగంట జూమ్ చేశాను.
ఎంత దగ్గరికెళ్లినా మచ్చ పెరగలేదు.

సాయంత్రం ఫిర్యాదొచ్చింది,
మా గల్లీ మూల స్తంభం వెలగడం లేదట.
రేపు చూస్తానని చెప్పాను.
ఈ రాత్రి మబ్బు లేదు.